పదకొండు సంతకాలు

అచ్చులో తప్పు దొర్లితే అది కంపోజిటర్ తప్పే. రాసిచ్చినవాడు తప్పు రాసినా, ప్రూఫులు దిద్దేవాడు కునికిపాట్లు పడినా, మిషన్ దగ్గరివాడు అక్షరం విరగ్గొట్టినా, మేనేజరు గదిలోకి పిలిచి చీవాట్లు పెట్టేది మాత్రం కంపోజిటర్‌కే. మన కంపోజిటర్ ముప్ఫై నాలుగేళ్లు రైళ్ల టైంటేబుళ్లు వేసే ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చాడు. కొత్తలో రెండు మూడుసార్లు "నేను కాదు సార్" అని చూశాడు. చీవాట్లు ఎలాగూ తప్పలేదు, పైగా మిషన్ దగ్గరివాడితో మాటలు పోయాయి. ఆ తర్వాత ఎవరు అడిగినా "నేనే సార్, చూసుకోలేదు" అనడం అలవాటు చేసుకున్నాడు. అలా అంటే గొడవ రెండు నిమిషాల్లో తేలిపోయేది, అందరూ కలిసి టీకి వెళ్లేవాళ్లు. మనిషి కొంప ముంచేవి చెడ్డ అలవాట్లే అంటారు. అలా అనేవాళ్లకి ఈ మనిషి తెలియడు.

పెళ్లి చేసుకోలేదు. అక్క సంబంధం తెచ్చినప్పుడల్లా ప్రూఫులున్నాయని తప్పించుకునేవాడు. చూస్తూండగానే నెత్తిన జుట్టు నెరిసింది, ప్రూఫులే మిగిలాయి. మధ్యగోడ కట్టి రెండు వాటాలు చేసిన ఇంట్లో ఒక వాటా అక్కా బావలది, రెండోది ఇతనిది. తిండి అక్క దగ్గర, పడక తన దగ్గర. అక్క పెళ్లినాటికి ఇతనికి ఇంకా నిక్కర్లు. అందుకని బావ ఇతన్ని "ఒరేయ్" అనే పిలుస్తాడు. ఇతను బావని "మీరు" అంటాడు. యాభై ఏళ్లయినా అది మారలేదు.

బావది రైల్వే కేబిన్‌లో ఉద్యోగం. స్టేషన్ చివర మేడ మీద గదిలో నిలబడి, లివర్లు లాగి, బళ్లకి దారి ఇవ్వడం. ఒకే లైను మీద రెండు బళ్లు ఎదురెదురుగా రాకుండా చూడ్డానికి వాళ్లకొక కట్టుబాటు ఉంది: పక్క స్టేషన్‌ని బెల్లు కొట్టి అడగాలి, అక్కడినుంచి 'లైన్ క్లియర్' వస్తేనే బండిని వదలాలి. ఇచ్చినవాడు ఆ బండి తన దగ్గరికి చేరేదాకా ఇంకో బండిని ఆ లైను మీదికి పంపకూడదు. అంతే. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే సంగతి. కానీ ముప్ఫై ఒక్కేళ్లపాటు ఒక్కసారి కూడా తప్పకపోవడం చిన్న సంగతి కాదు. బావకి ఆస్తి ఏదైనా ఉందంటే అదే.

ఆయనతో పనిచేసిన ఒకాయన ఒకసారి గూడ్సుకి లైన్ క్లియర్ ఇచ్చి, ఆ సంగతి మరిచిపోయి, అదే లైను మీదికి తన ఇంజన్ని వదిలాడట. డ్రైవర్లిద్దరూ దూరంనుంచే చూసుకుని ఆపేసుకున్నారు. ఎవరికీ చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు. అయినా ఆయన మర్నాటినుంచి నలుగురిలో తలెత్తుకోలేదు. ఆర్నెల్లలో మంచం పట్టి పోయాడు. బావ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో ఒకే మాట అనేవాడు: "పోవడమే మంచిదైంది. మాట ఇచ్చి మరిచిపోయినవాడు ఏ మొహం పెట్టుకుని బతుకుతాడు?"

ఈ మాట కంపోజిటర్ వందసార్లు విన్నాడు. తర్వాత జరిగినదంతా ఈ మాట వల్లే జరిగింది.

ప్రెస్సు మూతపడిన ఏడే బావ కూడా రిటైరయ్యాడు. జీవితమంతా బళ్ల అంకెలు పేర్చిన కంపోజిటర్ ఎక్కిన బళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి ఎలా నడుస్తాయో తీరిగ్గా చూడాలనిపించి, వెనక గదిలో బల్ల మీద వేలెడు వెడల్పు పట్టాలు గుండ్రంగా వేసి, బొమ్మ ఇంజనూ నాలుగు పెట్టెలూ కొనుక్కుని తిప్పుకునేవాడు. ఒకరోజు బావ గుమ్మంలో నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని పది నిమిషాలు చూశాడు.

"ఇది బండా, గానుగెద్దా? ఎవర్ని అడిగి బయల్దేరిందిరా?" అన్నాడు.

బావ అక్కడే కూర్చుని, ఎవర్నీ అడక్కుండా బయల్దేరే బండి బండి కాదనీ, ఎక్కడికీ చేరని బండి అసలే కాదనీ గంటసేపు పాఠం చెప్పాడు. ఆ పాఠం ముగిసేసరికి రెండు స్టేషన్లు కావాలని తేలింది. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్ కనపడకూడదని కూడా తేలింది. అంటే ఒకటి ఇతని వాటాలో, ఇంకొకటి బావ వాటాలో. మధ్యగోడకి అరచేతి వెడల్పు కన్నం. కన్నం మాట ఎత్తగానే అక్క బల్లులొస్తాయని మొత్తుకుంది. ఎవరు వింటారు?

కట్టడానికి తొమ్మిది నెలలు పట్టింది. రెండు గదుల్లోనూ గోడల వెంబడి నడుమెత్తున ప్లైవుడ్ పలకలు బిగించారు. వాటి మీద పట్టాలు. పట్టాల మధ్య కంకరకి ఇసుకని టీ వడగట్టే జల్లెడలో జల్లించి, కుంచెతో జిగురు రాసి చల్లారు. గిన్నెలు తోమే స్పాంజి గిల్లి పచ్చరంగులో ముంచి చెట్లు చేశారు. సిగ్నళ్లు గొడుగు ఊచలతో. లివర్లకి గరిటె కాడలు బాగా పనికొస్తాయని బావ కనిపెట్టాక అక్క వంటింట్లో గరిటెలు ఒక్కొక్కటే మాయమవసాగాయి. ఆమె అడిగితే బామ్మర్దిని అడగమనేవాడు బావ. ఇతన్ని అడిగితే "నేనే అక్కా" అనేవాడు.

స్టేషన్లకి పేర్లు పెట్టడానికి మూడ్రోజులు పట్టింది. చివరికి ఇతనిది 'ఇవతల', బావది 'అవతల' అని స్థిరపడింది. తన ఇంట్లో కూర్చుని తనే అవతల ఎలా అవుతానని బావ మొదట ఒప్పుకోలేదు; బోర్డులు పేర్చేది నేను కదా అని ఇతను మొండికేశాడు. ప్రెస్సునుంచి తెచ్చుకున్న పాత అక్షరాల్లో అన్నిటికంటే చిన్నవి ఏరి, గోరంత బోర్డులు అచ్చువేశాడు. టైంటేబులూ అచ్చువేశాడు. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా పద్నాలుగు బళ్లు.

ఆ రెండు గంటలూ ఎవరి గదిలో వాళ్లు. ఒకరి గదిలో మీట నొక్కితే ఇంకొకరి గదిలో బెల్లు మోగుతుంది. ఒకటి కొడితే 'వింటున్నావా' అని. మూడు కొడితే 'బండి పంపనా' అని. అవతలివాడు తిరిగి మూడు కొడితే లైన్ క్లియర్. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఎవరి రిజిస్టర్లో వాళ్లు టైము రాసుకోవాలి. గోడకి ఇటువైపు పట్టాల్లో కరెంటు కంపోజిటర్ చేతిలో ఉంటుంది, అటువైపుది బావ చేతిలో. కాబట్టి అవతలివాడి ఒప్పుదల లేకుండా పంపిన బండి గోడ మధ్యలోకి వెళ్లి ఆగిపోతుంది. మూడు దాటాక కన్నంలోంచి మాట్లాడుకోవడం నిషేధం. టీ కావాలా అని అక్క ఇక్కణ్ణుంచి అక్కడికి కేకేస్తే బావ కసురుకునేవాడు. అవతల స్టేషను పన్నెండు మైళ్ల దూరమట, కేకలు వినపడవట. మూడడుగుల దూరంలో ఉన్న మొగుడు పన్నెండు మైళ్ల దూరంలో ఉన్నాడని నమ్మి అక్క చుట్టూ తిరిగి టీ తెచ్చేది.

ఆరేళ్లు అలా గడిచాయి. ఇద్దరు ముసలివాళ్లకి అంతకంటే మంచి ఆరేళ్లు దొరకవు. బావ మూడింటికి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవాడు. కంపోజిటర్ మూడు బెల్లులు కొట్టి జవాబు కోసం ఆగే ఆ రెండు క్షణాలూ గోడవైపు చూస్తూ ఉండేవాడు. తిరిగి మూడు మోగగానే ప్రాణం లేచొచ్చేది. ఆఖరికి తననీ ఒకడు అడిగి, ఒప్పుకుని, మాట నిలబెట్టుకుంటున్నాడు కదా అని లోలోపల గర్వపడేవాడు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఏడో ఏట ఒక మంగళవారం, మూడూ నలభై రెండుకి, ఇతను గూడ్సుకి లైన్ అడిగాడు. బావ ఇచ్చాడు. ఇతను టైము రాసుకుని బండి వదిలాడు. గూడ్సు గది చుట్టూ తిరిగి గోడ కన్నంలో దూరింది. దూరిన మరుక్షణం లోపల టప్పుమని చప్పుడు. పన్నెండు మైళ్ల దూరం మరిచిపోయి కన్నంలోకి వంగి చూశాడు. అటునుంచి వచ్చిన ప్యాసింజరు ఇంజనూ ఇటునుంచి వెళ్లిన గూడ్సు ఇంజనూ ముక్కూ ముక్కూ ఆనించుకుని పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి.

బావ చుట్టూ తిరిగి పరుగున వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. చేతిలో రిజిస్టరు. అందులో మూడూ నలభై రెండుకి ఏమీ రాయలేదు. లైన్ ఇచ్చి, రాయడం మరిచి, ఇచ్చిన సంగతే మరిచి, తన ప్యాసింజరుకి ఇవతలని అడగడం కూడా మరిచి బండి వదిలేశాడు. కథలో ఆ పోయినాయన చేసిన తప్పే, అచ్చు గుద్దినట్టు అదే.

"లైన్ క్లియర్ ఎవరిచ్చారు నీకు?" అన్నాడు.

కంపోజిటర్ ఆ మొహం చూశాడు. ఆరు నెలల్లో మంచం పట్టి పోయినాయన గుర్తొచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు నోటి చివర సిద్ధంగా ఉంది.

"నేనే బావా. అడక్కుండా పంపేశాను. చూసుకోలేదు."

బావ కుర్చీలో కూలబడ్డాడు. మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది, దాని వెంట కోపం కూడా వచ్చింది. యాభై ఏళ్లలో ఎప్పుడూ తిట్టనన్ని తిట్లు తిట్టి, రిజిస్టరు ముందుకు తోసి, 'లైన్ క్లియర్ తీసుకోకుండా బండి వదిలాను' అని రాయించి సంతకం పెట్టించాడు. బావ వెళ్లాక కంపోజిటర్ తన రిజిస్టర్లో మూడూ నలభై రెండు అన్న వరసని సిరాతో కొట్టేశాడు. సీసపు అక్షరమైతే పీకేసి ఇంకోటి పెడితే ఆనవాలు ఉండదు. సిరా అలా కాదు. కొట్టేసినచోట నల్లగా మచ్చ కనిపిస్తూనే ఉంది. తన బతుకులో ఒక కాగితం మీద తెలిసి తెలిసి తప్పు పెట్టడం అదే మొదలు.

ఆ తర్వాత టైము వెంటనే రాసుకోవడం మానేశాడు. బండి క్షేమంగా చేరాకే రాసేవాడు. అలాగైతే కొట్టేసే అవసరం రాదు. లైన్ తీసుకున్నాక బండిని వదిలి, చెవి కన్నం దగ్గర పెట్టి వినేవాడు. అవతల ఇంజను గుయ్యిమన్న చప్పుడు వస్తే తన బండిని వెనక్కి లాగేసేవాడు. ఆపగలిగినవి ఆపాడు. ఆపలేనివి గుద్దుకున్నాయి. ఏడాది తిరిగేసరికి బావ రిజిస్టర్లో ఇతని సంతకాలు పదకొండయ్యాయి. పదకొండు తప్పులకీ ఇతని వైపు సాక్ష్యం ఒక్కటి కూడా లేదు, తనే లేకుండా చేసుకున్నాడు.

అక్కకి మాత్రం వేరే గుర్తులు కనిపిస్తున్నాయి. కుళాయి తిప్పి వదిలేయడం, రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు వేసుకోవడం, స్నానం చేసి పది నిమిషాలకి మళ్లీ తువ్వాలు అడగడం. ఎవరికీ చెప్పకుండా బావని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మతిమరుపు జబ్బే, పెరగడమే గానీ తగ్గడం ఉండదు, అలవాటైన పని ఏదైనా ఉంటే అది చేయించండి అని డాక్టరు చెప్పాడు. ఆమె తమ్ముడి వాటాకి వచ్చి, పట్టాల పలకల పక్కన కూర్చుని ఆ సంగతి చెప్పింది. రోజులో ఆ రెండు గంటలే మీ బావ మనిషిలా ఉంటున్నారు, అవి కూడా పోతే ఇంట్లో పెట్టుకుని చూసుకునే ఓపిక నాకు లేదురా, ఎక్కడైనా చేర్పించాల్సిందే అంది. అని, నేరుగా అడిగింది:

"నిజం చెప్పు. ఆ బళ్లు గుద్దేస్తున్నది నువ్వా, ఆయనా?"

"నేనే అక్కా" అన్నాడు.

ఆమె నమ్మలేదు. నమ్మినట్టు లేచి వెళ్లిపోయింది. ఆమెకి కూడా ఆ అబద్ధమే కావాలి.

నమ్మింది బావ ఒక్కడే. అడకత్తెరలో పోకచెక్క ఎవరంటే కంపోజిటర్ అని చెప్పాలి. తప్పులు పెరిగేకొద్దీ బావ కోపం కాస్తా దిగులైంది. బామ్మర్దికి ఏదో అవుతోందని ఆయనకి గట్టిగా అనిపించింది. ఒక పొద్దున్న చెప్పులు సరిగ్గా వేసుకుని వచ్చి, "పదరా, నిన్ను డాక్టరుకి చూపించాలి" అన్నాడు. రోడ్డు దాటేటప్పుడు ఇతని మణికట్టు పట్టుకున్నాడు. దారి ఎటో తెలియక మలుపులో ఆగిపోయినప్పుడు, ఇతనే మెల్లగా మోచేత్తో తోస్తూ నడిపించాడు. బావ మాత్రం తనే నడిపిస్తున్నాననుకున్నాడు. పట్టించుకుని తీసుకెళ్లేవాడు తనకీ ఒకడున్నాడని ఆ రోడ్డు మీద కంపోజిటర్‌కి కళ్లలో నీళ్లొచ్చాయి. సిగ్గుపడి తుడుచుకున్నాడు.

అదే డాక్టరు. బావ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. బామ్మర్దికి మతి తప్పుతోందని బావ పూసగుచ్చినట్టు చెప్తుంటే, డాక్టరు ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఇతన్నీ చూశాడు. ఇతను కళ్లతోనే బతిమాలాడు. డాక్టరు ఇతన్ని నాలుగు ప్రశ్నలు అడిగి, అన్నిటికీ సరైన జవాబులు విని, మీకేమీ లేదని చెప్పి పంపించాడు. ఇంటికొచ్చేదాకా బావ ఆ డాక్టర్ని తిడుతూనే ఉన్నాడు. ఈ కాలం చదువులింతే, కళ్లెదుట జబ్బు కనిపిస్తుంటే పట్టుకోలేకపోయాడు అన్నాడు. నవ్వు రావాల్సిన చోటే, కానీ ఇతనికి రాలేదు.

పదకొండో తప్పు తర్వాత బావ విచారణ పెట్టాడు. తన గదిలో బల్ల ముందు కూర్చుని, ఇతన్ని ఎదురుగా నిలబెట్టాడు. అక్క గుమ్మంలో నిలబడింది. బావ ఒక్కొక్క ఒప్పుకోలూ తేదీతో సహా చదివి, ప్రతిదానికీ "ఈ సంతకం నీదేనా?" అని అడిగాడు. చదవడంలో ఒక్క తడబాటు లేదు. ఆ అరగంట ఆయన మళ్లీ పాత మనిషైపోయాడు. పదకొండుసార్లూ ఇతను అవునన్నాడు. ఒక్కసారి కాదంటే చాలు. కాదని ఉంటే ఏమయ్యేదో గుమ్మంలో ఉన్న అక్క మొహం చెప్తూనే ఉంది.

"మొదటి తప్పుకే నిన్ను దింపేయాల్సింది" అన్నాడు బావ, రిజిస్టరు మూసి. "నా చేతుల్లో పెరిగినవాడివని ఊరుకున్నాను. ఇక ఊరుకోను. నేనున్నంతకాలం నీకు లైన్ ఇవ్వను."

అలా అంటున్నప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. బావని కుర్చీలో నిలబెట్టడానికి కంపోజిటర్ ఏడాదిపాటు అబద్ధాలాడాడు. ఆ కుర్చీలో కూర్చునే బావ ఇతన్ని గెంటేశాడు. గోతిలో పడ్డవాణ్ణి పైకి లాగబోతే లాగినవాడు గోతిలో పడ్డట్టయింది, అంతకంటే చెప్పడానికేమీ లేదు.

మర్నాడు మూడింటికి కంపోజిటర్ బెల్లు కొట్టాడు. జవాబు రాలేదు. మళ్లీ కొట్టాడు. గోడ అవతల కుర్చీ కిర్రుమనడం వినిపించింది, అంతే. ఉండబట్టలేక ఒక బండిని వదిలాడు. అది గది చుట్టూ తిరిగి కన్నంలో దూరి, అటువైపు కరెంటు లేక మధ్యలో ఆగిపోయింది. వెనక దీపం మాత్రం వెలుగుతూ కనిపించింది. చెయ్యి పెట్టి బయటికి లాక్కున్నాడు.

ఆ రాత్రి అక్క వచ్చి చెప్పింది. మూడింటికల్లా మీ బావ గడ్డం గీసుకుని కూర్చున్నారు, రెండు గంటలూ లివరు మీద చెయ్యి తియ్యలేదు, నువ్వెక్కడ బండి పంపేస్తావోనని కాపలా కాస్తున్నారు అంది. అన్నం సరిగ్గా తిన్నారట, రాత్రికి మందు కూడా పేచీ లేకుండా వేసుకున్నారట. ఆ మాట విన్నాక కంపోజిటర్ రోజూ మూడింటికి బెల్లు కొట్టడం పనిగా పెట్టుకున్నాడు. కొడితే ఆయనకి కాదనడానికి ఒక పని ఉంటుంది. కొట్టడం మానేస్తే అదీ ఉండదు. పద్నాలుగు బళ్లకి పద్నాలుగుసార్లు అడిగేవాడు, పద్నాలుగుసార్లూ గోడ మూగగా ఉండేది. బావతో అన్నం దగ్గర కూడా మాటల్లేవు. ఇతను రాగానే ఆయన కంచం పట్టుకుని లోపలికి వెళ్లిపోయేవాడు. ఇల్లు మరిచాడు, వీధి మరిచాడు, ఒకరోజు అక్కనే ఎవరమ్మా నువ్వు అన్నాడు. ఈ ఒక్క సంగతి మాత్రం మరవలేదు. ఎనిమిది నెలలు అలా లాక్కొచ్చారు.

తర్వాత బావ ఒక ఉదయం తలుపు తీసుకుని వెళ్లిపోయి, నాలుగు వీధుల అవతల ఎవరింటి మెట్ల మీదో దొరికాడు. పట్టుకుని లేపబోతే అక్కకి నడుం పట్టేసి పది రోజులు లేవలేదు. ఇక చేసేదేమీ లేకపోయింది. ముసలివాళ్లని చూసుకునే హోమ్‌లో చేర్పించారు. పెట్టె సర్దింది కంపోజిటరే. చొక్కాలన్నిటికీ గుర్తుగా అచ్చు అక్షరాలతో గుడ్డ ముక్కలు కుట్టాడు. ఇంటికొచ్చాక మూడింటికి చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్లింది. అవతల గదిలో ఖాళీ కుర్చీకి బెల్లు మోగింది. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

హోమ్‌కి రెండు బస్సులు మారి వెళ్లాలి. పొడుగాటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు కంపోజిటర్ గేటు దగ్గరే అరగంట తచ్చాడాడు; చూస్తే లేచి లోపలికి వెళ్లిపోతాడేమోనని భయం. బావ లేవలేదు. ఇతన్ని చూసి, పక్క కుర్చీ మీది తువ్వాలు తీసి, "రండి, కూర్చోండి. తమరు ఎవరి తాలూకండీ?" అన్నాడు.

జన్మలో బావ నోట 'రండి' అన్న మాట తన కోసం వినలేదు. ఊరికే చూడ్డానికి వచ్చానండీ అన్నాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, కాసేపు సంతోషించాడు కూడా. ఎవరో పరాయివాడిగా అయినా పక్కన కూర్చోనిచ్చాడు. వారానికోసారి అలా పరాయివాడిగా వెళ్లేవాడు, బావ మర్యాదగా కబుర్లు చెప్పేవాడు. కేబిన్ కబుర్లు, పొగమంచులో సిగ్నల్ దీపాలు కనపడని కబుర్లు, చివరికి బామ్మర్ది కబురు. ఆయన లోపల గొడుగు ఊచలూ గరిటె కాడలూ ఎప్పుడో చెరిగిపోయాయి. మిగిలినవి అసలు బళ్లు. బామ్మర్ది పదకొండు బళ్లు గుద్దించాడు. ఎంతమంది పోయారో లెక్క తెలియదు.

ఒకసారి టీ ఇచ్చే ఆయా ఇతన్ని పక్కకి పిలిచి, పాపం పెద్దాయన రోజూ చెప్పుకుని బాధపడతారు, ఆ రైళ్లు గుద్దించిన బామ్మర్ది ఇంకా జైల్లోనే ఉన్నాడాండీ అని అడిగింది.

ఆ రోజు కంపోజిటర్ తట్టుకోలేకపోయాడు. ఇక కాపాడ్డానికి ఏమీ మిగల్లేదు. కుర్చీ లేదు, రెండు గంటలూ లేవు, అక్క భయపడ్డదంతా జరిగిపోయింది. ఒక్కసారి నిజం చెప్పుకుంటే ఎవరికి నష్టం? తిరిగొచ్చి కూర్చుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక మాట చెప్తాను, వినండి. మీ బామ్మర్ది ఒక్క బండి కూడా గుద్దించలేదు. ప్రతిసారీ లైన్ అడిగాడు. మీరే ఇచ్చారు. ఇచ్చి మరిచిపోయారు. మీరు బాధపడతారని తనమీద వేసుకున్నాడు."

చెప్పేశాక, ఆరు నెలల్లో పోయినాయన గుర్తొచ్చి, నోరు జారానా అనుకున్నాడు. బావ వరండా ముందున్న తోటవైపు చూశాడు. మొహంలో భయం గానీ బాధ గానీ లేవు. ఏదో కష్టమైన లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత ఇతనివైపు తిరిగాడు.

"అంటే మావాడు నా ముందు నిలబడి పదకొండుసార్లు అబద్ధం రాశాడంటారా?"

"అవునండీ."

"మీరెవరో నాకు తెలీదు. పెద్దవారిలా ఉన్నారు. ఇక్కడ లేనివాడి మీద చాడీలు చెప్పకండి." గొంతు పెంచలేదు. "వాడికి చేతకాలేదు, ఒప్పుకుంటాను. తప్పు చేసిన ప్రతిసారీ తలొంచుకుని సంతకం పెట్టాడు. అబద్ధమాడే మనిషైతే నేను ఇంత బాధపడేవాణ్ణే కాదు."

కంపోజిటర్ ఇక ఏ మాట చెప్పినా అది తన మీద తనే చెప్పే చాడీ అవుతుంది. పదకొండు సంతకాలూ తనవే. ఆయా వచ్చి ఖాళీ గ్లాసులు తీసుకుపోయింది. బావ పరాయివాణ్ణి నొప్పించానేమో అనుకున్నట్టున్నాడు, కాస్త వంగి, మెత్తగా అన్నాడు.

"మీకు వాడెక్కడైనా కనిపిస్తే ఒక మాట చెప్పండి. నాకు వాడి మీద కోపం లేదు. లైన్ మాత్రం ఇవ్వను."

"చెప్తానండీ" అన్నాడు కంపోజిటర్.